నల్లగుడ్డ కింద సముద్రం

సోమవారం పొద్దున్నే పాలగిన్నె పొయ్యి మీద పెట్టి హాల్లో లైటు వేసిన సువర్ణమ్మ, భర్త పెంచుకుంటున్న సముద్రానికి రాత్రికి రాత్రే గడ్డం మొలిచిందని కనిపెట్టింది.

అదీ ఆకుపచ్చ గడ్డం. ఐదడుగుల అద్దాల తొట్టిలో రాళ్ల మీద, పగడాల సందుల్లో, పంపు మూతి చుట్టూ నాచు వెంట్రుకల్లా వేలాడుతూ, ఉప్పునీళ్లు ఎటు తోస్తే అటు ఊగుతోంది. మొన్న శనివారం అరచేతి వెడల్పున మసకగా కనిపించిన మరక ఇది. ఇప్పుడు దాని గుబురులోంచి, నారింజ రంగు మీద తెల్ల చారలున్న చేపలు రెండూ తలలు బయటపెట్టి, నోళ్లు తెరిచి మూస్తూ ఆమెనే చూస్తున్నాయి.

"ఏమండీ! బిన్నా రండి ఈడికి! మీ సముద్రం సూడండి ఎట్లయిందో!"

రాజరత్నం ప్రార్థన గదిలోంచి వచ్చాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, అద్దానికి ముక్కు ఆనించి చూశాడు.

"నాచు," అన్నాడు, మూత్రంలో చక్కెర ఉందని చెప్పే గొంతుతో. "కొత్త తొట్టికి వస్తాది. దీనికి కంగారు పడగూడదు."

ఆ నిదానం సువర్ణమ్మ కంగారును ఇంకా పెంచింది. శనివారం సాయంత్రం నాలుగు గంటలకు డాక్టర్ సోఫియా తొట్టిని చూడడానికి వస్తోంది మరి.

రాజరత్నం మదనపల్లెలో మిషన్ ఆస్పత్రి ల్యాబులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి మూడు నెలల కిందట రిటైరయ్యాడు. ఊళ్లో సగం మంది మనసుల సంగతి ఆయనకు తెలియదు గానీ, రక్తాల సంగతి బాగా తెలుసు. ఇంట్లో కూర్చున్న మొదటి వారమే పోపుల డబ్బాలకు తేదీలతో చీటీలు అంటించాడు. రెండో వారం గడియారం పట్టుకుని కుక్కరు పక్కన నిలబడ్డాడు. మూడో వారం చింతపండు పులుసును గాజుగొట్టంతో కొలిచి, "నిన్నటి కంటే నాలుగు మిల్లీలీటర్లు ఎక్కువుండాది" అని ప్రకటించాడు. అప్పటి నుంచి ఆ వంటింట్లో సాక్షి లేకుండా ఒక్క మూతా తెరుచుకోలేదు.

సువర్ణమ్మకు భర్త మీద ప్రేమ లేక కాదు. కానీ అది ముప్పై నాలుగేళ్ల పాటు రోజుకు పది గంటల ఎడంలో పెరిగిన ప్రేమ. ఒక్కసారిగా ఎడం తీసేస్తే దానికి ఊపిరాడలేదు. అందుకే పిల్లల వార్డు పెద్ద డాక్టరు సోఫియాకు రహస్యంగా ఫోను చేసింది. "ఆయన ఇంట్లో ఉండలేకపోతాండాడు డాక్టరమ్మా, ఆస్పత్రి మింద బెంగ పెట్టుకున్నాడు" అని చెప్పింది. రాజరత్నం అలాంటి మాట ఏనాడూ అనలేదు.

స్టాఫంతా కలిసి వీడ్కోలు కానుకగా ఈ తొట్టి ఇవ్వడం, అది కుదురుకున్నాక పిల్లల వార్డుకు తరలించాలనుకోవడం, దాన్ని చూసుకోవడానికి రాజరత్నం రోజూ తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఆస్పత్రికి రావడం... అంతా ఆ ఫోనులోంచి పుట్టిన ఏర్పాటే. శనివారం డాక్టరమ్మ సరే అంటే సోమవారం తొట్టి వెళ్తుంది. తొట్టి వెనకే ఆయన. "నీళ్లు శుభ్రంగా ఉంటేనే తీసుకుంటాను సువర్ణమ్మా. జబ్బు పిల్లల మధ్య జబ్బు నీళ్లు పెట్టలేను" అని ఆమె ముందే చెప్పింది.

తొమ్మిది నుంచి ఒంటిగంట. రోజుకు నాలుగు గంటలు. ఇన్నాళ్లూ సువర్ణమ్మ కళ్లకు అవి కాపుకొచ్చిన మామిడితోటలా కనిపించాయి. ఈ పొద్దు ఆ తోటకు తెగులు పట్టింది.

రాజరత్నం చిన్న సీసాలో తొట్టినీళ్లు పట్టి మందు చుక్కలు వేశాడు. నీళ్లు ముదురు నీలమయ్యాయి. తొట్టి పక్కన దారంతో వేలాడదీసిన రిజిస్టరు తీసి ఏదో రాసుకున్నాడు. ఆ రిజిస్టరు జోలికి సువర్ణమ్మ పోదు. ఎప్పుడో చిన్నప్పుడు కూతురు ల్యాబు రిజిస్టర్లో పువ్వు బొమ్మ గీసినందుకు ఆయన రెండు రోజులు అన్నం తినలేదు.

"ఫాస్ఫేటు ఎక్కువుండాది," అన్నాడు. "ఎవురో మేత ఎక్కువేస్తాండారు. చేపలు తినంగా మిగిలింది కుళ్లి నాచుకి ఎరువైతాంది. నేను పొద్దున చిటికెడేస్తాను. అంతే. ఇంకెవురూ ఏమీ వెయ్యగూడదు."

"పాలు పొంగుతాండాయి," అంటూ సువర్ణమ్మ వంటింట్లోకి పరిగెత్తింది.

పాలు పొంగలేదు. పొంగింది భయం. రోజూ సాయంత్రం ఆయన చర్చిలో పాటల సాధనకు వెళ్లగానే, తొట్టిలో రేగిపండంత సంగటి ముద్ద వేస్తున్నది ఆమే. రెండు ప్రాణాలకు రోజంతటికీ చిటికెడు మేతా? ఆ ఇంట్లో కరెంటు మీటరు చూడడానికి వచ్చినవాడు కూడా ఏదో ఒకటి నోట్లో వేసుకోకుండా గడప దాటడు. అలాంటి ఇంట్లో నోరు తెరిచి అడిగే వాటిని పస్తు పెట్టడం ఆమెకు చేతకాలేదు.

కానీ ఆవగింజలో సగం పాపానికి ఇంత గడ్డమా? ఇంకెవరో ఉన్నారు. ఇల్లు ఊడ్చడానికి రెడ్డెమ్మ రాగానే సువర్ణమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"నిజం సెప్పు. చేపలకి ఏమేస్తాండావు?"

రెడ్డెమ్మ చీపురును గుండెలకు హత్తుకుంది. "రెండు బొరుగులమ్మా. రెండంటే రెండే. నేను ఊడస్తాంటే అద్దం తావకొచ్చి నోరు తెరిసి తెరిసి అడగతాండాయి. నా కడుపున పుట్టినోళ్లు గుడక అట్లడగరు."

"అవి ఊపిరి పీల్సుకుంటాండాయే!"

"నోరు తెరిసి ఊపిరి పీల్సుకునేంత ఆకలి యాల పెడ్తిరమ్మా మీరు?"

ఏడు గంటలకు పక్కింటి శాలేము రాజు పేపరు చదవడానికి వచ్చాడు. అదే ఆస్పత్రిలో ఇరవై ఆరేళ్లు అంబులెన్సు నడిపి రిటైరైన మనిషి. అతను అడగకముందే ఒప్పుకున్నాడు.

"వర్కీ, వదినా. ఒక మూల తుంచి, టీలో ముంచి. వాటికి పండ్లుంటాయో ఉండవో అని మెత్తబెట్టి ఏసినాను."

సంగటి, బొరుగులు, టీలో ముంచిన వర్కీ. ముగ్గురూ వంటింట్లోనే, గొంతు తగ్గించి, ఇక మెతుకు వెయ్యమని ఒట్టు పెట్టుకున్నారు. నేరం దొరికింది, కేసు ముగిసింది అనుకుంది సువర్ణమ్మ.

మంగళవారం పొద్దున గడ్డానికి మీసాలు తోడయ్యాయి.

సువర్ణమ్మ తొట్టి చుట్టూ మూడుసార్లు తిరిగింది. చేప మేత డబ్బా ఊపి చూసింది. చప్పుడు లేదు.

"ఏమండీ, మూడు నెల్లు వస్తాదని దీని మింద రాసుండాది. మూడు వారాలకే అడుగంటింది!"

"గాలికి ఆవిరైపోయింటాది," అంది ముప్పై నాలుగేళ్ల సైన్సు, వేడి కాఫీ ఊదుకుంటూ.

ఇంకొక రోజైతే సువర్ణమ్మ ఆ మాట దగ్గర ఆగేది. కానీ అప్పటికే ఆమె చేయి ఫోను మీద ఉంది. చెల్లెలి కొడుకు బెన్నీ కుప్పంలో గ్రానైటు కంపెనీ ఆఫీసులో పనిచేస్తూ, కంపెనీ పని మీద వారానికొకసారి రైల్లో బెంగుళూరు వెళ్లివస్తుంటాడు. ఆ పొద్దు అక్కడే ఉన్నాడు. చేపల అంగడికి వెళ్లి, కనుక్కుని, మధ్యాహ్నానికి తిరిగి ఫోను చేశాడు.

"పెద్దమ్మా, మూడు పనులంట. ఫిల్టరు నీళ్లకి సముద్రపు ఉప్పు కలిపి సగం తొట్టి మార్చాలంట. నాచు తినే సముద్రపు నత్తలు ఇడవాలంట. మళ్ల తొట్టికి మూడు దినాలు నల్లగుడ్డ కప్పి పెట్టాలంట. వెలుతురు లేకపోతే నాచు సస్తాది."

"చేపలకేమీ కాదా?"

"నిద్రపోతాయంట. నత్తలు నేను తెస్తాండాను. రేపు పొద్దున కుప్పం టేషనుకి రా. అయితే పెద్దమ్మా, అవి సాయంత్రం లోపల ఉప్పునీళ్లలో పడాల. లేకపోతే సస్తాయి."

బుధవారం తెల్లారకముందే శాలేము రాజు తన పాత వ్యాను తీశాడు. "ప్రాణం మింది కేసు" అన్న ఒక్క మాట చాలు, అతనిలో అంబులెన్సు నిద్ర లేస్తుంది. ముందున్న లారీ తప్పుకోకపోతే నోటితోనే సైరను వేస్తాడు. ఆ పొద్దు వీధి చివరి మలుపులోనే వేశాడు. నాలుగిళ్లలో లైట్లు వెలిగాయి. వ్యానులో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్న సువర్ణమ్మను నాలుగు కిటికీలు చూశాయి. ఆమెకు వ్యాను కుదుపులు పడవన్న సంగతి ఆ కిటికీలకు తెలియదు.

పుంగనూరులో మల్లప్ప నీళ్ల ప్లాంటు ముందు ఆగారు. మల్లప్ప కొత్త ఫిల్టరు పెట్టాడని, నీళ్లు అద్దంలా ఉన్నాయని శాలేము రాజు విన్నాడు.

"ఇరవై క్యాన్లా?" అన్నాడు మల్లప్ప. "ఏం ఫంక్షనమ్మా?"

రెండు చేపలకని చెప్పడానికి సువర్ణమ్మకు సిగ్గేసింది. "ఆస్పత్రి పిలకాయలకప్పా," అంది. ఎలాగూ చివరికి వాళ్ల కోసమే కదా.

మల్లప్ప కుర్చీలోంచి లేచాడు. "నా కొడుకు పుట్టింది ఆ ఆస్పత్రిలోనే తల్లీ. ఏడో నెలలోనే పుట్టి, నెల దినాలు అద్దాల పెట్టెలో ఉన్నాడు. ఇరవై యాడికి సాలతాయి? అరవై పంపిస్తాను."

"అరవై యాడ పెట్టుకునేదప్పా? వద్దు!"

"నువ్వు గమ్మునుండమ్మా. పిలకాయలు నిలబడి తాగతారా యేంది? యాభై కుర్చీలు గుడక ఏపిస్తాను."

అంత మంచితనంతో వాదించే తీరిక లేక సువర్ణమ్మ వ్యాను ఎక్కింది. పలమనేరు, వీ.కోట దాటి కుప్పం స్టేషను చేరేసరికి బెన్నీ తెల్లటి థర్మకోలు పెట్టెను రెండు చేతులా పట్టుకుని, మెట్ల మీద ఒంటికాలి మీద ఊగుతున్నాడు.

"బిన్నా పోండి పెద్దమ్మా! ఇప్పటికే ఐదు గంటలైంది పెట్టెలో పెట్టి!"

శాలేము రాజుకు ఇంకేం కావాలి? కుప్పం నుంచి మదనపల్లెకు రెండు గంటల పది నిమిషాల్లో చేర్చాడు. దారిలో ఒక పోలీసాయన ఆపబోయి, తెల్ల పెట్టెనూ సువర్ణమ్మ మొహాన్నీ చూసి, టోపీ తీసి పక్కకు జరిగాడు.

చివరి పని నల్లగుడ్డ. బజారులో చిన్నప్పటి నుంచి తెలిసిన బట్టల అంగడే.

"ఎనిమిది మీటర్లు నల్లగుడ్డ ఇయ్యప్పా. బిన్నా."

"దేనికమ్మా?"

"కప్పడానికి."

"పొడుగెంతుంటాది?"

"ఐదడుగుల పైన కొంచిం."

అంగడాయన చేతిలో కత్తెర ఆగింది. రాజరత్నం ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. బజారంతటికీ తెలిసిన కొలత అది. అంగడాయన ఇంకేమీ అడగలేదు. ఇంకో రెండు మీటర్లు కలిపి కత్తిరించి, మడతపెట్టి, రెండు చేతులా అందించాడు. డబ్బు తర్వాత చూసుకుందాం అన్నాడు. అంత మర్యాద ఎందుకో ఆలోచించే తీరిక సువర్ణమ్మకు లేదు.

ఇంటికి రాగానే నత్తల్ని తొట్టిలో వదిలి, లైటు ఆర్పి, నల్లగుడ్డ నాలుగు పక్కలా నేల దాకా దించి, మూలలు తాడుతో కట్టింది. తర్వాత భర్త వైపు వేలు చూపించింది.

"శనివారం దాకా ఈ గుడ్డ ఎవురూ తీయగూడదు. మీరు కాపలా. వాకింగు లేదు, పాటల సాధన లేదు. గడప దాటొద్దు."

రాజరత్నం వెంటనే సరేనన్నాడు. పైగా కుర్చీని వంటింట్లోకి, పొయ్యి పక్కకు జరుపుకున్నాడు.

గురువారం ఉదయం వాకింగులో రాజరత్నం కనిపించలేదు. పదకొండు గంటలకు పుంగనూరు లారీ వచ్చి అరవై క్యాన్లు, యాభై కుర్చీలు ఇంటి ముందు దించింది. కుర్చీల్ని పెట్టడానికి వరండాలో చోటు లేక డ్రైవరే వాటిని వాకిట్లో వరసగా వేసి వెళ్లాడు. సువర్ణమ్మ కొత్త నీళ్లకు ఉప్పు కలిపి, గుడ్డ అంచు ఎత్తి తొట్టిలో మార్చడంలో మునిగి ఉంది. వీధిలో వెళ్లేవాళ్లకు తెరిచిన కిటికీలోంచి హాల్లో నల్లగుడ్డ కప్పిన పొడవాటి పెట్టె కనిపించింది. సాయంత్రం పాటల సాధనలో రాజరత్నం కుర్చీ ఖాళీగా ఉంది.

కొళాయి దగ్గర ఎవరో రెడ్డెమ్మను మెల్లగా అడిగారు. రెడ్డెమ్మకు అబద్ధం చెప్పే అలవాటు లేదు.

"ఏమోనమ్మా. శనివారం దాకా గుడ్డ తీయగూడదంట. అమ్మ ఒకటే తిరగతాంది, కూసోదు, నిలబడదు. చూడలేక నేను బిన్నా పని చేసుకుని వచ్చేస్తాండా."

శనివారం దాకా అంటే దూరం నుంచి రావలసినవాళ్లు ఉన్నారన్నమాట, అనుకుంది కొళాయి. ఇలాంటప్పుడు ఫోను చేసి "ఏమైంది" అని అడగడం మర్యాద కాదు. సాగనంపేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి, ముందు వాళ్లకు తిండి తీసుకెళ్లాలి. తర్వాతే మాటలు.

శుక్రవారం ఉదయం తొమ్మిదికి చర్చి గంట మోగింది. ఒక్కొక్క దెబ్బ, మధ్యలో ఎడం. చావు గంట.

కత్తిపీట ముందు కూర్చున్న సువర్ణమ్మ తలెత్తింది. "అయ్యో, పాపం! ఎవురో పోయినారండీ."

"అరవై వరకూ లెక్కపెట్టినాను," అన్నాడు రాజరత్నం పొయ్యి పక్క నుంచి. చనిపోయిన వాళ్ల వయసును బట్టి గంట కొట్టడం అక్కడి ఆచారం. "నా ఈడోడే."

సువర్ణమ్మ మనసు తొట్టి మీదా చావు మీదా రెండుగా చీలింది. అయినా ఆచారం ఆచారమే. గబగబా ఉప్మా చేసి క్యారియరు నింపింది. తల దువ్వుకుని, తెల్లచీర కట్టుకుని, ఎవరింట్లోనో వీధిలో కనుక్కుందామని తలుపు తీసింది.

వాకిట్లో యాభై కుర్చీల్లో యాభై మంది కూర్చుని ఉన్నారు.

ముందు వరసలో ఉన్న ఆడవాళ్ల ఒళ్లో పద్నాలుగు క్యారియర్లు. ఆమెను తెల్లచీరలో చూడగానే వాళ్లు ఒక్కసారిగా లేచి ఘొల్లుమన్నారు. ఎవరో ఆమె భుజం పట్టుకున్నారు. ఇంకెవరో ఆమె చేతిలోని క్యారియరు తీసుకుని, "ఇట్లాంటప్పుడు నువ్వు పొయ్యి యాల ముట్టిస్తివి తల్లీ?" అని ఏడ్చారు.

"ఎవురమ్మా పోయింది?" అంది సువర్ణమ్మ.

ఆ మాటకు ఏడుపు రెట్టింపైంది. తట్టుకోలేక మతి పోయిందనుకున్నారు.

అప్పుడే గేటు ముందు ఆస్పత్రి జీపు ఆగింది. డాక్టర్ సోఫియా దిగింది. ఆమె చేతిలో పూలచక్రం. దాని నడుమ రిబ్బను మీద "మా ప్రియమైన రాజరత్నం గారికి, ల్యాబు సిబ్బంది" అని ఉంది. ఆమె నేరుగా వచ్చి సువర్ణమ్మ చేతులు పట్టుకుంది. "ముప్పై నాలుగేళ్లు, సువర్ణమ్మా. ఒక్క రిపోర్టు తప్పు ఇవ్వలేదు," అంది, కళ్లు తుడుచుకుంటూ.

సువర్ణమ్మకు ఒక్కొక్కటీ అర్థమవుతూ వచ్చింది. నల్లగుడ్డ. ఐదడుగులు. కుర్చీలు. అంగడాయన మర్యాద. తొట్టిలో చేపకు మల్లే నోరు తెరిచి మూసింది.

ఈలోగా వెనక నుంచి కాఫీ గ్లాసుతో రాజరత్నం వచ్చాడు.

ఏడుపు ఆగిపోయింది. రాజరత్నం జనాన్ని చూసి, పూలచక్రాన్ని చూసి, కళ్లజోడు సర్దుకుని రిబ్బను చదివాడు.

"తేదీ వెయ్యలేదే," అన్నాడు.

వెనక వరసలో ఒక కుర్చీ బోర్లా పడింది. చర్చి గంట కొట్టే చెంగల్రాయుడు గేటు పట్టుకుని నిలబడ్డాడు. "కొట్టిన గంటలు యెనక్కి ఎట్లప్పా తీసుకునేది?" అన్నాడు, ఎవరినీ చూడకుండా. పుంగనూరు నుంచి తన కుర్చీలు చూసుకోవడానికి వచ్చిన మల్లప్ప, "పిలకాయలు యాడ?" అని అందరినీ అడుగుతున్నాడు.

డాక్టర్ సోఫియా అందరికంటే ముందు తేరుకుంది. "అయితే లోపల ఆ గుడ్డ కింద ఎవరున్నారు?"

"చేపలు," అంది సువర్ణమ్మ. "డాక్టరమ్మా, మీరు రేపు గదా రావాల్సింది? రేపు నాలుక్కి. ఇయ్యాల సూడొద్దండి. నాచు ఇంకా సావలేదు."

కానీ వాకిలంతా అప్పటికే హాల్లోకి వచ్చేసింది. శాలేము రాజు తాళ్లు విప్పాడు. నల్లగుడ్డ జారింది.

రెండు రోజుల చీకటి, ఒక డజను నత్తలు, పుంగనూరు నీళ్లు. ఇన్ని తర్వాత కూడా తొట్టి పచ్చిక బయలులా ఉంది. నత్తలు అద్దానికి అంటుకుని, పెళ్లి భోజనం ముగించిన పెద్దల్లా కదలకుండా ఉన్నాయి. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఉన్న ఆ మామిడితోట సువర్ణమ్మ కళ్ల ముందే మునిగిపోయింది.

"వెలుతురే లేకపోతే నాచు ఎలా పెరిగింది?" అంది డాక్టర్ సోఫియా. ఆమెది డాక్టరు బుర్ర. ఇరవై ఏళ్లుగా ఏ అనుమానం వచ్చినా ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే. "రాజరత్నం గారూ, రిజిస్టరు ఏదీ?"

రాజరత్నం ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా అలవాటు చొప్పున ఆయన చేయి దానంతటదే తొట్టి పక్కకు పోయి, దారం విప్పి, రిజిస్టరు ఆమెకు అందించింది. డాక్టర్ సోఫియా పేజీ తిప్పి, వార్డు రౌండ్లలో చదివినట్టే పైకి చదివింది.

"మంగళవారం. ఉదయం నాలుగూ నలభై. మేత రెండు చెంచాలు. పాత డబ్బా అయిపోయినది, కొత్తది తెరవడమైనది. ఆర్.ఆర్." ఆమె కనుబొమలు పైకి లేచాయి. "బుధవారం. నాలుగూ ముప్పై ఐదు. మేత మూడు చెంచాలు. ఆర్.ఆర్. గురువారం. గుడ్డ తీసి, లైటు ముప్పావు గంట. మేత మూడు చెంచాలు. నత్తలు హుషారుగా ఉన్నవి. గుడ్డ మరల కప్పడమైనది. ఆర్.ఆర్."

హాల్లో ఉన్న యాభై మందీ ఆర్.ఆర్. వైపు తిరిగారు.

సువర్ణమ్మకు ప్రార్థన గది గుర్తొచ్చింది. రిటైరయ్యాక ఆయన ప్రార్థన పది నిమిషాల నుంచి ముప్పావు గంటకు పెరిగిందని ఆమె చర్చిలో ఎందరితోనో గొప్పగా చెప్పుకుంది.

"మీరా?" అంది. "నేను కుప్పం దాకా పోయి నత్తలు మోసుకొస్తి. ఊరంతా మిమ్మల్ని సంపి ఏడస్తాండారు. మీరే మేత మేపి పెంచినారా దీన్ని? యాల?"

"ఆగండి, నాకొకటి అర్థం కావడం లేదు," అంది డాక్టర్ సోఫియా. "ఆయన ఇంట్లో ఉండలేకపోతున్నాడని, ఆస్పత్రి మీద బెంగ పెట్టుకున్నాడని మీరే కదా సువర్ణమ్మా ఫోను చేశారు?"

రాజరత్నం భార్య వైపు తిరిగాడు. "ఎవురు? నేనా?"

ఇప్పుడు తల దించుకోవడం సువర్ణమ్మ వంతైంది. ఎవరి చేతిలోనో ఉన్న తన ఉప్మా క్యారియరు వైపు చూస్తూ ఉండిపోయింది.

రాజరత్నం కాఫీ గ్లాసును జాగ్రత్తగా కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ముప్పై నాలుగేండ్లు, సువర్ణా, నువ్వు పొద్దున ఆరుకి ఫ్లాస్కులో పోసిచ్చిన కాఫీ నేను పదకొండుకి తాగినాను, మూత్రం సీసాల పక్కన నిలబడి. అది వేడిగా ఉంటే ఎట్లుంటాదో ఈ మూడు నెల్లకి ముందు నాకు తెలీదు. నువ్వు వంట చేస్తా పాట పాడతావని గుడక తెలీదు. కుక్కరు తావ గడియారం పట్టుకుని యాల నిలబడతాననుకున్నావు? మూడో విజిలుకి నువ్వు పల్లవి మళ్లీ ఎత్తుకుంటావు. అది తప్పిపోకుండా వినాలని. తొట్టి బాగుపడితే డాక్టరమ్మ నన్ను రమ్మంటాది. ఆయమ్మ మొగం సూసి కాదనే ధైర్యం నాకేనాడూ లేదు. అందుకని నాచునే అడ్డం పెట్టుకున్నా."

రెడ్డెమ్మ చీపురు మీద గడ్డం ఆనించి ముక్కు చీదింది. డాక్టర్ సోఫియా రిజిస్టరుకు కట్టిన పెన్ను తీసి, ఆనాటి తేదీ వేసి, "నమూనా తిరస్కరించడమైనది. ఆరు నెలల తర్వాత మళ్లీ చూడాలి" అని రాసి సంతకం పెట్టింది. తర్వాత పూలచక్రాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక తొట్టి మీద ఆనించింది.

సువర్ణమ్మ తలెత్తింది. ఆమెకు ఇంకా ఒక్కటి మింగుడు పడలేదు.

"చేసింది చేసినారు. దాన్ని టైముతో సహా రాసి, కింద సంతకం గుడక యాల పెట్టినారండీ?"

రాజరత్నం మొదటిసారి నొచ్చుకున్నట్టు చూశాడు.

"అదేం మాట సువర్ణా? తప్పు చేపల తావ చేస్తాను గానీ, రిజిస్టరు తావ చేస్తానా?"